ఫాలోవర్లు 1,400 మంది... మెస్‌లో పక్కన ఎవరూ లేరు

*మాది శ్రీకాకుళం దగ్గర పల్లెటూరు. హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ మొదటి ఏడాది చదువుతూ హాస్టల్లో ఉంటున్నాను. ఇన్‌స్టాలో 1,400 మంది ఫాలోవర్లు. మొన్న నా పుట్టినరోజుకు రెండొందల మంది దాకా విష్ చేశారు. ఆ రాత్రి మాత్రం మెస్‌లో ఫోన్‌ని నీళ్ల గ్లాసుకు ఆనించుకుని, రీల్స్ చూస్తూ ఒక్కదాన్నే తిన్నాను. రెండింటిదాకా నిద్ర రాదు. యాప్ తీసేసినా రెండు రోజులకే మళ్లీ వేసుకుంటున్నాను. లోపం నాలోనే ఉందా మేడమ్?*

మీలో లోపమేమీ లేదమ్మా. ఊళ్లో స్నేహాల కోసం మీరు పనిగట్టుకుని ఏమీ చేసి ఉండరు. రోజూ ఒకే బస్సు, ఒకే బెంచీ, పక్కింటి అరుగు... వాటంతటవే కుదిరిపోయాయి. హాస్టల్లో అలా కుదరాలంటే రోజూ అదే వేళకు, అదే మనుషులకు తీరిగ్గా కనబడాలి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, ఎదురుగా ఫోన్ చూస్తే ‘ఎందుకులే, ఏదో చూసుకుంటోంది’ అని పక్క టేబుల్‌కు వెళ్లిపోతారు. ఒక్కదాన్నే ఉన్నానని ఎవరైనా అనుకుంటారేమోనని మీరు ఫోన్ తీస్తున్నారు. వాళ్లదీ అదే బాధ కావచ్చు. రేపు ఒకసారి తలెత్తి చూడండి, ఎన్ని గ్లాసులకు ఫోన్లు ఆనించి ఉన్నాయో.

యాప్ తీసేయడం మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ఏకాదశి ఉపవాసం ఉండి మర్నాడు రెండింతలు తిన్నట్టే. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం 143 మంది విద్యార్థులతో చేసిన ప్రయోగం ఒకటి 2018లో వెలువడింది. వాళ్లలో కొందరు మూడు వారాల పాటు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్ ఒక్కోటి రోజుకు పది నిమిషాలే వాడారు. వాళ్లకు ఒంటరితనం, దిగులు తగ్గాయి. ఎప్పటిలా వాడుకుంటూ, ఎంతసేపు వాడామో లెక్క మాత్రం చూసుకున్నవాళ్లకు కూడా ఆందోళన కొంత తగ్గిందట. నాకు ఎక్కువ నచ్చింది ఇదే. మీరూ ముందు స్క్రీన్ టైమ్ చూసుకోవడంతో మొదలుపెట్టండి.

మెస్‌కు వెళ్లేటప్పుడు ఫోన్ గదిలోనే ఉంచండి. మొదటి మూడు నాలుగు రోజులు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు, ఇబ్బందిగానే ఉంటుంది. ‘ల్యాబ్ రికార్డ్ రాశావా?’, ‘ఇవాళ సాంబార్ ఎలా ఉంది?’ లాంటి మాట ఒక్కటి చాలు. ఒక్క రోజుతో ఏమీ జరగదు. రోజూ అదే టేబుల్‌కు వెళ్లండి. రాత్రిళ్లు ఫోన్‌ని మంచానికి దూరంగా చార్జింగ్ పెట్టండి. విష్ చేసిన ఆ రెండొందల మందిలో ఇద్దరిని ఎంచుకుని ఆదివారం నేరుగా ఫోన్ చేయండి. అమ్మతో వీడియో కాల్ మాత్రం తగ్గించొద్దు, దాని జోలికి నేను రాను.

నిద్ర పట్టని సంగతి రాశారు. ఇది రెండు వారాలు దాటినా, అన్నం సయించకపోయినా, క్లాసుకు వెళ్లబుద్ధి కాకపోయినా డాక్టర్‌ని కలవండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దు. వెంటనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం. అర్ధరాత్రి అయినా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.