మళ్ళీ వేస్తే ‘పునఃప్రసార’మేనా?

సందేహం: 1987లో ఆదివారం పొద్దున పక్కింట్లో కూర్చుని చూసిన రామానంద్ సాగర్ ‘రామాయణ్’ను 2020 లాక్‌డౌన్‌లో దూరదర్శన్ రోజూ రెండు పూటలా వేసింది. ఇంటిల్లిపాదీ చూశాం. అప్పటి వార్తల్లో ఒకరు ‘పునర్ప్రసారం’ అన్నారు, ఒకరు ‘పునఃప్రసారం’ అన్నారు, ఇంకొకరు ‘తిరిగి పునఃప్రసారం చేయబడుతోంది’ అన్నారు. ఏది ఒప్పు? 2008లో కొత్త నటులతో తీసినదాన్ని ‘పునర్నిర్మాణం’ అనవచ్చా?

సమాధానం: ‘పునఃప్రసారం’ ఒప్పు. పునర్ శబ్దం రేఫాంతం, అంటే ‘ర్’తో ముగిసేది. పకారం పరమైతే విసర్గే వస్తుంది: పునఃప్రతిష్ఠ, పునఃప్రారంభం. అచ్చులకూ, గ జ డ ద బ అనే సరళాలకూ ముందు రేఫ నిలుస్తుంది: పునరపి, పునర్జన్మ. ‘తిరిగి పునః’ అనడం పునరుక్తి. ‘చేయబడుతోంది’ అనే కర్మణి ప్రయోగం తెలుగు నోటికి పట్టదు. రోజూ వార్తలు చదివేవారికి ఈ మాత్రం శ్రద్ధ ఉండాలి.

అసలు ‘పునః’ దాకా ఎందుకు వెళ్ళాలి? మీ ఉత్తరంలోనే ‘వేసింది’ అని చక్కగా రాశారు. దానికి ‘మళ్ళీ’ చేరిస్తే సరిపోయేది. మన భాషలో ఈ అర్థమిచ్చే మాటలు చాలావరకు క్రియల నుంచి పుట్టాయి. మరలు నుంచి మరల, తిరుగు నుంచి తిరిగి, మగుడు నుంచి మగుడ. ‘మరలి’ నోట నలిగి ‘మళ్ళీ’ అయింది. తెలంగాణలో ‘మల్ల’ అంటారు. పొద్దు మళ్ళడం, నీళ్ళు మడిలోకి మళ్ళించడం, వయసు మళ్ళడం, అన్నిటా ఉన్నది ఆ మరలడమే. వేదభాషలో ‘పునః’కూ ‘వెనక్కి’ అనే అర్థం ఉంది గాని, నేటి మన చెవికి అది వినిపించదు.

రామాయణం ప్రస్తావన వచ్చింది కనుక విశ్వనాథ సత్యనారాయణగారిని తలచుకోకుండా ఉండలేను. తమ ‘రామాయణ కల్పవృక్షం’ కావ్యం ఆరంభంలో ‘మరల నిదేల రామాయణం బన్నచో’ అని ప్రశ్న తామే వేసుకుని, ‘తినుచున్న యన్నమే తినుచున్న దిన్నాళ్ళు’ ఈ ప్రపంచమంతా అని జవాబిచ్చారు. ఎందుకట? ‘తన రుచి బ్రదుకులు తనవి గాన’. అక్కడ ‘పునః’ పెట్టి చూడండి, పద్యం చప్పబడిపోతుంది. కథ పాతదే, దానివైపు మరలిన మనిషి వేరు. ‘తలచిన రామునే తలచెద నేనును’ అనడంలోని ధీమా అక్కడిదే. మీరు 2020లో చూసినవీ ఆ రీళ్ళే. అరుణ్ గోవిల్ చిరునవ్వు, రవీంద్ర జైన్ బాణీ, దారాసింగ్ హనుమంతుడు, ఏదీ మారలేదు. మళ్ళింది మీ వయసు. రుచి వేరుగా తోచి ఉంటే అందువల్లే. ‘మరల’లో ఇంత ఉంది. దాన్ని వదిలి ‘రీటెలికాస్ట్’ అని మురిసిపోవడం నాకు కష్టంగా ఉంటుంది.

‘వెండియు’ కూడా ఈ అర్థంలోదే, పోతన వచనాల్లో కనిపిస్తుంది. నేడు వాడుకలో లేదు.

2008 నాటి దానికి ‘పునర్నిర్మాణం’ వ్యాకరణరీత్యా తప్పు కాదు. అయితే కూలిన గోడను లేపినట్టు ధ్వనిస్తుంది. ‘మళ్ళీ తీశారు’ అనడమే నాకిష్టం. పత్రికా శీర్షికలో ‘పునఃప్రసారం’ రాస్తే ఆక్షేపించను, విసర్గ ఉంటే చాలు.