ఒక దేశపు కోర్టు తీర్పు మరో దేశంలో నేరుగా అమలవుతుందా?

సాధారణంగా కాదు, ఓడిన పక్షానికి ఆస్తులున్న దేశపు కోర్టు ఆ తీర్పును గుర్తించాకే అమలవుతుంది (యూరోపియన్ యూనియన్ సభ్య దేశాల మధ్య 2015 నుంచి ఈ మెట్టు లేదు). కోర్టు అధికారం సరిహద్దు దగ్గర ఆగిపోతుంది, అవతలి బ్యాంకు ఖాతాను అది జప్తు చేయలేదు.

ఉదాహరణకు, సరుకు తీసుకుని డబ్బు ఎగ్గొట్టిన విదేశీ కంపెనీ మీద ఎక్స్‌పార్టీ డిక్రీ (అవతలి పక్షం హాజరుకాకుండానే వచ్చిన తీర్పు) తెచ్చుకున్నారనుకోండి. అక్కడి కోర్టు బాకీ లెక్కలు సాధారణంగా మళ్లీ తవ్వదు. సమన్లు సరిగా అందాయా, తీర్పిచ్చిన కోర్టుకు విచారణాధికారం ఉందా అన్నవే గట్టిగా చూస్తుంది. ఎక్కువగా బెడిసికొట్టేది సమన్ల దగ్గరే.

‘ఒప్పందంలో మా చట్టమే వర్తిస్తుందని రాసుకున్నాం కదా’ అని చాలామంది ధీమాగా ఉంటారు. ఆ షరతు ఏ చట్టం వాడాలో చెబుతుంది, అంతే. విదేశీ పార్టీతో ఆర్బిట్రేషన్ షరతే (వివాదాన్ని కోర్టు బదులు మధ్యవర్తి తేల్చాలనే షరతు) మేలు: మధ్యవర్తి తీర్పును, అంటే అవార్డును, ఇతర దేశాల్లో అమలు చేయించే 1958 న్యూయార్క్ ఒడంబడికలో 170కి పైగా దేశాలున్నాయి. అవార్డు, ఒప్పందాల ధ్రువీకృత ప్రతులు, అవసరమైతే అనువాదం జతచేసి అక్కడి కోర్టులో దరఖాస్తు పెట్టాలి.