ముందు హెడ్‌లైటు సంగతి చూడు

చిరంజీవి మేనకోడలికి,

ట్యూరిన్ నుంచి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ముప్పై ఏళ్లుగా కొత్త కారు మీద కనిపించని ఒక పాత ప్రీమియం పేరును యూరప్‌లో మళ్లీ నిలబెట్టే బృందంలో నిన్ను తీసుకున్నారని చదివి చాలా సంతోషించాను. నాలుగు పేజీల ఉత్తరంలో చిహ్నం కొత్త రూపు గురించి రాశావు, ఆవిష్కరణ సభ గురించి రాశావు, పాత రేసుల ఫోటోల గురించి రాశావు. విడిభాగాల గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. ముప్పై రెండేళ్లు విడిభాగాల గోదాముల్లోనూ డీలర్ల లెక్కల్లోనూ గడిపినవాణ్ణి కదా, నా కన్ను ముందు అక్కడికే పోతుంది. ఈ ఉత్తరమంతా ఆ గొడవే. విసుక్కోకుండా చదువు.

పేరు కొనడం తేలిక తల్లీ. మీ తాతయ్య అపురూపంగా చూసుకున్న అంబాసిడర్ గుర్తుందా? ఆ పేరును 2017లో ఫ్రాన్స్‌కు చెందిన ప్యూజో సంస్థ హిందుస్థాన్ మోటార్స్ నుంచి 80 కోట్ల రూపాయలకు కొన్నది. ఒక కొత్త కారును తయారుచేయడానికి అయ్యే ఖర్చు ముందు అది చిల్లర డబ్బు. పేరు గొప్ప ఊరు దిబ్బ అని మనవాళ్లు ఊరికే అనలేదు. మీవాళ్లు పేరు కొన్నారు. ఊరు కట్టడం ఇంకా మొదలుపెట్టలేదు.

ఆ పేరైనా పూర్తిగా మీదేనా అన్నది ముందు తేల్చుకో. స్వీడన్‌లో సాబ్ కార్ల కంపెనీ 2011 డిసెంబరులో దివాలా తీసింది. మరుసటి ఏడాది కర్మాగారాన్ని కొన్నవాళ్లకు సాబ్ అన్న పేరు వాడుకునే అనుమతి దక్కింది గానీ, దాని చిహ్నంలోని గ్రిఫిన్ అనే కల్పిత జంతువు తల బొమ్మ దక్కలేదు. 2014లో పేరు కూడా చేజారింది, ఎందుకంటే దాని హక్కు విమానాలు, ఆయుధాలు చేసే మరో సాబ్ కంపెనీ చేతిలో ఉంది. బ్రిటన్ కార్ల పేరు రోవర్ సంగతీ అంతే. కారు డిజైన్లు కొనుక్కున్న చైనా సంస్థకు పేరు దక్కక, రోవీ అని కొత్త పేరు పెట్టుకోవలసి వచ్చింది. కాబట్టి అక్షరాలు ఎవరివి, బొమ్మ ఎవరిది, పాత మోడళ్ల పేర్లు ఎవరివి అని వేరువేరుగా అడుగు.

ఇంకొకటి, యూరోపియన్ యూనియన్‌లో ఒక ట్రేడ్‌మార్కును వరుసగా ఐదేళ్లు వాడకపోతే దాన్ని రద్దు చేయమని ఎవరైనా అడగవచ్చు. మరి ముప్పై ఏళ్లు కారు చేయని పేరు బతికి ఉందంటే ఎలా బతికింది? ఇది నాకు భలే ఇష్టమైన కథ. ఫెరారీ వాళ్ల టెస్టరోసా మీద సరిగ్గా ఈ తగాదాయే వచ్చింది. ఆ కారు తయారీ 1990లలోనే ఆగిపోయింది కాబట్టి పేరు రద్దు చేయాలని జర్మనీలో కేసు పడింది. చివరికి 2020 అక్టోబరులో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం ఒక మాట తేల్చింది: పాత కార్లకు ఆ పేరుతో విడిభాగాలు అమ్ముతున్నా, సర్వీసు చేస్తున్నా పేరును నిజంగా వాడుతున్నట్టే లెక్కకు రావచ్చు. అర్థమైందా? రేసుల ఫోటోలు కాదు, నట్లూ బోల్టులూ రబ్బరు పట్టీలూ పేరును కాపాడాయి. మీ పేరు మీద ఇన్నేళ్లుగా విడిభాగాలు ఎవరు అమ్ముతున్నారో కనుక్కో. ఎవరో ఒక పెద్దమనిషి ఏ పల్లెలోనో షెడ్డు పెట్టుకుని అమ్ముతూ ఉంటాడు. అతని మీద మీ వకీళ్లు నోటీసు పంపకముందే నువ్వు వెళ్లి కాఫీ తాగి రా.

నేను ఉండేది లాన్సియా ఊళ్లో కాబట్టి ఆ కథ చెప్పకుండా ఉండలేను. 1906లో పుట్టిన ఇటలీ కార్ల కంపెనీ. 1987 నుంచి 1992 దాకా వరుసగా ఆరేళ్లు ప్రపంచ ర్యాలీ తయారీదారుల టైటిల్ గెలిచింది. అయినా 1994లో బ్రిటన్ నుంచి మూటాముల్లె సర్దుకుంది. 1980లో అక్కడ బీటా కార్ల అడుగున తుప్పు బయటపడింది. ఇంజను పట్టి ఉంచే చట్రమే తినేసుకుపోతుంటే కంపెనీ కొన్ని కార్లను తిరిగి కొనుక్కోవలసి వచ్చింది. ఆ తర్వాత వచ్చిన ఆరు టైటిళ్లూ ఆ తుప్పు మరకను కడగలేకపోయాయి. 2011లో అమెరికా నుంచి వచ్చిన క్రైస్లర్ కార్లకు లాన్సియా బిళ్ల అతికించి అమ్మారు. పాత లాన్సియా కారు పేరు తెచ్చి థీమా అని పిలిస్తే అది థీమా అయిపోతుందా? జనం గుర్తుపట్టేశారు. 2017 నుంచి కొన్నేళ్లపాటు ఇటలీలో తప్ప మరెక్కడా అమ్మకం లేదు, అదీ ఇప్సిలాన్ అన్న ఒక్క చిన్న కారు. 2024లో కొత్త ఇప్సిలాన్‌ను మిలాన్‌లో ఆర్భాటంగా చూపించి, కంపెనీ పుట్టిన సంవత్సరం గుర్తుగా 1,906 ప్రత్యేక కార్లు చేశారు. లోపల గుండ్రటి చిన్న బల్ల, మెత్తటి నీలం సీట్లు, చూడముచ్చటగానే ఉంది. కానీ మా వీధిలో పాత ఇప్సిలాన్ నడిపేవాళ్లు చవకని కొన్నవాళ్లు. ధర పైకి పోగానే వాళ్లు పక్కకు తప్పుకున్నారు, పైమెట్టు వాళ్లు ఇంకా దిగి రాలేదు. మీ పాత అభిమానులు ఎవరు, మీ కారు ఖరీదు భరించేవాళ్లు ఎవరు? ఆ రెండు గుంపులూ ఒకటేనని ఎవరైనా నీతో అంటే నమ్మకు.

ప్రీమియం కారు అనగానే షోరూములో ముచ్చటపడి చెక్కు రాసే పెద్దమనిషిని ఊహించుకుంటారు. జర్మనీలో కొత్తగా రిజిస్టరయ్యే కార్లలో మూడింట రెండు వంతులు కంపెనీల పేరిట ఉంటాయి. అంటే కారును అసలు ఎంచేది లీజు ఆఫీసులో లెక్క వేసే మనిషి. ఆయన పక్కన కూర్చుని ఆ లెక్క చూశాను, నువ్వూ చూడు. కారు ధర 50,000 యూరోలు అనుకో. మూడేళ్ల తర్వాత బాగా పేరున్న కారుకు 55 శాతం విలువ మిగులుతుందని రాసుకుంటాడు. నీ కారును ఎవరూ సెకండ్‌హ్యాండ్‌లో కొని చూడలేదు కనుక జాగ్రత్తపడి 45 శాతమే రాస్తాడు. తేడా 5,000 యూరోలు. 36 నెలలకు పంచితే నెలకు దాదాపు 139 యూరోలు ఎక్కువ కట్టాలి. ఆ ఒక్క గడిలోని అంకె మారకపోతే మీ ప్రకటనల ఖర్చంతా గోదాట్లో పోసినట్టే. ఆ అంకెను మార్చే మందు ఒకటే. మొదటి మూడేళ్లలో తిరిగి వచ్చే ప్రతి కారునూ మీరే ముందుగా చెప్పిన ధరకు తీసుకుంటామని రాసివ్వాలి. డబ్బు పోతుందని మీ లెక్కల విభాగం గోల పెడుతుంది. పోనివ్వు.

ఇక హెడ్‌లైటు. కార్లు పాడవడమే కాదు, గుద్దుకుంటాయి కూడా. ఒకప్పుడు నేను ఇలాగే తిరిగి లేపిన ఒక పేరు కోసం పనిచేశాను. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయను. పోర్చుగల్‌లో ఒక దంతవైద్యురాలు మా కారు కొన్నది, రెండో నెలలో పార్కింగులో స్తంభానికి తగిలి ఎడమ హెడ్‌లైటు పగిలింది. మా గోదాములో కుడివైపువి పదకొండు ఉన్నాయి, ఎడమవైపుది ఒక్కటి లేదు. కర్మాగారంలో ఉన్నవన్నీ కొత్త కార్లకు బిగించాలి, ఇవ్వలేమన్నారు. ఏడు వారాలు ఆమె అద్దె కారులో తిరిగింది, అద్దె బీమా కంపెనీ కట్టింది. ఎనిమిదో వారంలో నేనే స్వయంగా దాన్ని పెట్టెలో పెట్టుకుని విమానంలో తీసుకెళ్లాను. ఆమె కాఫీ ఇచ్చింది, మర్యాదగా మాట్లాడింది, ఆ కారు అమ్మేశానని చెప్పింది. అదే పట్టణంలో ఆ తర్వాత మా కారు ఇంకొకటి అమ్ముడుపోలేదు. బీమా వాళ్లూ ఇవన్నీ రాసుకుంటారు. మరమ్మతు ఖర్చు పెరిగితే ఆ మోడల్ బీమా ప్రీమియమూ పెరుగుతుంది, అది మళ్లీ లీజు లెక్కలోకే వచ్చి పడుతుంది.

తిరిగి లేచి నిలబడినవాళ్లు లేరా అంటే ఉన్నారు. ఫ్రాన్స్ స్పోర్ట్స్ కార్ల పేరు ఆల్పీన్‌ను చూడు. స్థాపించిన జాన్ రెదెలే 1955లో డియెప్‌లో రెనో గ్యారేజీ నడిపే మనిషి. కంపెనీ 1995లో ఆగిపోయింది గానీ ఆ డియెప్ కర్మాగారం మూతపడలేదు, రెనో వాళ్ల స్పోర్ట్స్ కార్లు చేస్తూ పనివాళ్ల చేతులు చల్లారకుండా ఉంచింది. 2012లో బ్రిటన్‌కు చెందిన కేటరామ్ కార్ల కంపెనీతో పొత్తు పెట్టుకున్నారు, 2014లో అది విడిపోయింది, అయినా పని ఆపలేదు. 2017లో కొత్త ఏ110 కారు వచ్చింది, అల్యూమినియం ఒళ్లు, సుమారు 1,100 కిలోల బరువు. తొలి విడతగా 1,955 కార్లే. ఇంజను రెనో కుటుంబానిదే, అమ్మకం, సర్వీసు రెనో డీలర్ల దగ్గరే విడిగా కేటాయించిన చోట. పాత కారు తేలికగా ఉండేది, కొత్తదీ తేలికగానే ఉంది. ఫోటోలు చూపించి నమ్మించవలసిన పని పడలేదు.

దీనికి ఎదురు బోర్గ్‌వార్డ్. బ్రెమెన్‌లో 1961లో కుప్పకూలిన కంపెనీ. స్థాపకుడి మనవడు చైనా పెట్టుబడితో 2015లో జెనీవా ప్రదర్శనకు పేరును తిరిగి తెచ్చాడు. కార్లు చైనాలో తయారయ్యాయి, బ్రెమెన్‌లో కడతామన్న కర్మాగారం కట్టలేదు, 2022లో చైనాలోని కంపెనీ దివాలా. మేబాహ్ అన్న మరో పాత కార్ల పేరు వెనుక మెర్సిడెస్ అంతటి కొండ ఉండి కూడా 2002 నుంచి పదేళ్లలో 3,000 కార్ల దగ్గరే ఆగిపోయింది. ఆ పేరును మెర్సిడెస్ ఎస్ క్లాసు మీద ఉపనామంగా పెట్టాకే నడిచింది. మీ యజమానులకు ఈ దారి చెప్పి చూడు, వాళ్ల అహం ఒప్పుకుంటే. ఒప్పుకోదనుకో.

ఐదు దేశాల్లో ఒకేసారి అమ్మాలన్న ఆలోచన మానిపించు. బ్రిటన్‌కు కుడివైపు స్టీరింగు కావాలి, ఆమోదాలు కూడా ఇప్పుడు వేరు. దాన్ని పక్కన పెట్టండి. రెండు దేశాలు చాలు. యూరోపియన్ యూనియన్‌లో ఏడాదికి వెయ్యి కార్ల లోపు రిజిస్టరయ్యే తయారీదారుకు కార్బన్ ఉద్గారాల లక్ష్యం నుంచి మినహాయింపు ఉంది. చిన్నగా ఉండడంలో ఆ సుఖం కూడా ఉంది. మీరు ఏ పెద్ద సంస్థకు అనుబంధమో చూసుకోండి, అలాంటప్పుడు ఇది వర్తించకపోవచ్చు.

సాబ్ కథలో నేను చెప్పకుండా వదిలిన ముక్క ఒకటుంది. కార్ల కంపెనీ పోయింది, పేరు పోయింది, కానీ దాని విడిభాగాల కంపెనీ మాత్రం పోలేదు. అప్పు కింద స్వీడన్ ప్రభుత్వం చేతికి వచ్చి, ఓరియో అని పేరు మార్చుకుని, నైకోపింగ్ నుంచి పాత సాబ్‌లకు భాగాలు పంపుతూనే వచ్చింది. మీ సంస్థలో అలాంటి విభాగానికి ఇప్పుడు ఎంతమందిని తీసుకున్నారు? ప్రకటనల విభాగానికి ఎంతమంది? ఆ రెండు అంకెలూ నాకు రాయి.

వచ్చే నెల మీ డైరెక్టర్ల సమావేశం ఉందన్నావు. అందులో ఆవిష్కరణ తేదీ అడగకముందు, లిస్బన్‌లో ఎడమ హెడ్‌లైటు పగిలితే ఎన్ని రోజుల్లో వస్తుందని అడుగు. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఎవరు ముందుగా ఫోను తీసి గోదాముకు కబురు చేస్తారో ఆ మనిషి పేరు గుర్తుపెట్టుకుని నాకు చెప్పు. అక్కను అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య