సిమెంటు లేని గిన్నె ఊడిపోదా?

ప్రశ్న: అమ్మకు 62 ఏళ్లు. తుంటి మార్పిడిలో సిమెంటు లేకుండా గిన్నె (తుంటి ఎముక గుంటలో కూర్చే లోహపు కప్పు) బిగిస్తామన్నారు. అతికించకపోతే ఊడిపోదా డాక్టరుగారూ?

జవాబు: సిమెంటు పెట్టకపోయినా వదులుగా వదిలేయమమ్మా! ఎముకలో గుంటను గిన్నె కొలతకన్నా ఒకటి రెండు మిల్లీమీటర్లు తక్కువగా తొలిచి, సుత్తితో కొట్టి దిగేస్తాం. ఆ బిగువే మొదటి ఆధారం. పట్టు చాలదనిపిస్తే నేనైతే ఒకటి రెండు స్క్రూలు వేస్తాను. టైటానియం గిన్నె వెలుపలి వైపు తడిమితే గరుకు కాగితంలా ఉంటుంది. ఆ సన్నటి రంధ్రాల్లోకి ఎముక పెరిగి పట్టేస్తుంది. అందుకు సుమారు 6 నుంచి 12 వారాలు. ఈలోగా ఎంత బరువు మోపాలో ఆపరేషన్ చేసినవారినే అడగండి. తుంటి భాగానికి ఎప్పుడైనా రేడియేషన్ ఇచ్చి ఉంటే ఎముక ఇలా అల్లుకోవడం కష్టం, ముందే చెప్పండి. అన్నట్టు, ఏళ్ల తరబడి అరిగేది గిన్నె కాదు, లోపలి ప్లాస్టిక్ పొర. గిన్నె గట్టిగా ఉంటే చాలాసార్లు ఆ పొరొక్కటే మార్చవచ్చు.