తాతగారి కాలేజీ కబుర్లు ఏ సర్వర్‌లో ఉన్నాయి?

బరంపురం నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "మా తాతగారు ఖల్లికోట కాలేజీలో చదివి, తర్వాత భంజ విహార్‌లో, అంటే బరంపురం యూనివర్సిటీ క్యాంపస్‌లో, ఆఫీసులో పనిచేశారు. ఆ రోజుల గురించి ఆయన చెప్తుంటే ఫోన్‌లో రికార్డ్ చేస్తున్నా, కానీ గొంతు మధ్యమధ్యలో మాయమవుతోంది. రికార్డింగ్‌ని టెక్స్ట్ చేసే ఫ్రీ యాప్ ఉంటే చెప్పండి."

పర్లాకిమిడి, రాయగడ వైపు నుంచి కూడా ఇదే గోల. గొంతు మాయమవడానికి కారణం చాలాసార్లు చుట్టుపక్కల చప్పుడు తగ్గించే నాయిస్ రిడక్షన్ సెట్టింగే, పెద్దాయన గొంతు తగ్గించి మాట్లాడితే ఫ్యాన్ చప్పుడుతో పాటు ఆయన మాటనీ కోసేస్తుంది, అలాంటిదాన్ని అడక్కుండానే ఆన్ చేసి ఫోన్లు అమ్మడం ఏం పద్ధతో నాకర్థం కాదు. అది ఆపేసి, శబ్దాన్ని కుదించకుండా దాచే వేవ్ (WAV) ఫార్మాట్‌లో, మోనోలో (ఒకే ఛానెల్‌లో) పెట్టుకోండి, 48 కిలోహెర్ట్జ్ 16 బిట్‌లో గంటకి 345 ఎంబీ దాకా అవుతుంది. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో ఉండాలి. వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గానే పంపండి.

ఇక ఫ్రీ యాప్. నాకు భయమంతా ఇక్కడే. చాలా ఫ్రీ యాప్‌లు ఆడియోని వాళ్ల సర్వర్‌కి పంపి అక్కడ టెక్స్ట్ చేస్తాయి, తర్వాత దాన్ని ఉంచుకుంటారో తీసేస్తారో మనకి కనబడదు. తాతగారు రెండు గంటలు మాట్లాడితే ఏం చెప్తారు? పుట్టిన ఊరు, మొదట చదివిన బడి, అమ్మగారి పుట్టింటి పేరు, పెన్షన్ ఏ బ్యాంకులో పడుతుందో కూడా. పాస్‌వర్డ్ మర్చిపోతే అడిగే ప్రశ్నలు ఇలాంటివే కదా! పైగా గొంతు శుభ్రంగా దొరికితే కొద్దిపాటి ముక్కతోనే నకిలీ గొంతు తయారు చేసి "డబ్బు పంపమ్మా" అని ఫోన్ చేసే రోజులివి. అయినా జనం రికార్డింగ్‌ని గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, లింక్ ఉన్న ఎవరైనా తెరిచేలా షేరింగ్ వదిలేసి, ఆ లింక్‌ని బంధువుల గ్రూపులో పడేస్తారు. మీరూ అలా పెట్టి ఉంటే ఇప్పుడే మూసెయ్యండి. బయటికిచ్చే కాపీలో బ్యాంకు, కుటుంబం వివరాలు కత్తిరించండి, అసలు ఫైల్ రెండు వేరు హార్డ్ డ్రైవుల్లో దాచండి. ఎవరెవరు వినొచ్చో తాతగారినే అడిగి ఆ మాట కూడా రికార్డ్ చెయ్యండి.

టెక్స్ట్ మాత్రం మీ చేత్తోనే టైప్ చెయ్యమంటాను. ఒడియా కలిసిన బరంపురం తెలుగుని యాప్ పుస్తకాల తెలుగులోకి దిద్దేస్తుంది, లేదా ఆ ముక్కే వదిలేస్తుంది. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పింది మన పర్లాకిమిడి కాలేజీలోనే, అలాంటి చోట పెద్దవాళ్ల మాటని మెషీన్ దిద్దితే ఊరుకోవడం నాకు నచ్చదు. ఆయన ఎలా అంటే అలాగే రాయండి, అర్థం కానిచోట నిమిషం నంబరు వేసి పెట్టుకుని మళ్లీ ఆయన్నే అడగండి. బరంపురం యూనివర్సిటీ మొదలైంది 1967లో, ఆ మొదటి ఏళ్లు చూసిన ఉద్యోగులకి ఇప్పుడు ఎనభై దాటుతోంది, కాబట్టి ఎడిటింగ్ సంగతి తర్వాత, ముందు రికార్డింగ్ పూర్తి చెయ్యండి.