టెక్ సందేహాలు: ఈ విండో అడిగేది ఏ పాస్‌వర్డ్?

సందేహం: మా ట్యాక్స్ కన్సల్టెన్సీ ఆఫీసులో ఉబుంటు వాడుతున్నాం. క్లయింట్ల ఫైళ్లున్న యూఎస్‌బీ హార్డ్‌డిస్క్‌ను లినక్స్‌లో డిస్క్‌కు తాళం వేసే లక్స్‌తో ఎన్‌క్రిప్ట్ చేశాను. దాన్ని తెరిచే స్క్రిప్ట్ (కమాండ్లు రాసిన ఫైలు), కమాండ్లు టైప్ చేసే టెర్మినల్‌లో బాగానే నడుస్తోంది. డెస్క్‌టాప్ మీది ఐకాన్ నొక్కితే మాత్రం ఉలుకూ పలుకూ లేదు. పాస్‌వర్డ్ అడిగే విండో తెప్పించడం ఎలా? ప్రస్తుతానికి డిస్క్ పాస్‌వర్డ్ స్క్రిప్ట్‌లోనే రాసి పెట్టాను.
– గుంటూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఐకాన్ సంగతి తర్వాత. ఆ ‘ప్రస్తుతానికి’ దగ్గరే నాకు టెన్షన్ మొదలైంది. ఈ ప్రశ్న పంపేవాళ్లలో చాలామంది ఆ మాట రాస్తారు. ప్రస్తుతానికి పెట్టింది రెండేళ్లయినా అక్కడే ఉంటుంది. ల్యాప్‌టాప్, డిస్క్ ఒకే బ్యాగులో తిరుగుతాయి కదా, బ్యాగు పోయిందంటే తాళంతోపాటు తాళంచెవీ పోయినట్టే. ఆ స్క్రిప్ట్‌ను ఎక్కడికి బ్యాకప్ తీస్తే అక్కడికి పాస్‌వర్డ్ కూడా వెళ్తుంది. కొందరు ఇంకో అడుగు ముందుకేసి, ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేసే ఓపెన్‌ఎస్ఎస్ఎల్ లాంటివాటికి కమాండ్ పక్కనే పాస్‌వర్డ్ ఇచ్చేస్తారు. ఆ కమాండ్ నడుస్తున్నంతసేపూ అదే మెషిన్‌లో లాగిన్ అయిన మరొకరు, నడుస్తున్న ప్రోగ్రాములను చూపే ‘పీఎస్’ కమాండ్ కొడితే అది మామూలుగా కనిపిస్తుంది.

ఇక ఐకాన్. రూట్ (సిస్టమ్ మీద పూర్తి అధికారం ఉన్న యూజర్) హోదాలో కమాండ్ నడిపించే సుడోకు పాస్‌వర్డ్ అడగడానికి టెర్మినల్ కావాలి. ఐకాన్ నుంచి నడిపితే టెర్మినల్ ఉండదు, అందుకే ఆ మౌనం. పాత చిట్కాలు విండోలో పాస్‌వర్డ్ అడిగే జీకేసుడో పెట్టుకోమంటాయి, కానీ ఉబుంటు 18.04 నుంచే దాన్ని తీసేశారు. దాని బదులు, అదే పని చేసే పీకేఎగ్జెక్ వాడితే పాస్‌వర్డ్ విండో దానంతటదే వస్తుంది. అయితే స్క్రిప్ట్ మొత్తాన్ని దాంతో నడపకండి. అది రూట్‌గా మారేటప్పుడు డిస్‌ప్లే సమాచారాన్ని (విండో ఏ తెర మీద తెరవాలన్నది) కావాలనే వదిలేస్తుంది. అందువల్ల లోపల జెనిటీతో (స్క్రిప్ట్ నుంచి చిన్న విండోలు చూపించే ప్రోగ్రామ్) పెట్టిన డిస్క్ పాస్‌వర్డ్ విండో తెరుచుకోదు. స్క్రిప్ట్‌ను మామూలు యూజర్‌గానే నడపండి. ముందు జెనిటీతో డిస్క్ పాస్‌వర్డ్ అడిగి వేరియబుల్‌లో పెట్టుకోండి. తర్వాత బ్యాష్‌లోని (స్క్రిప్ట్‌ను నడిపే ప్రోగ్రామ్) ప్రింట్‌ఎఫ్‌తో, పైపు ద్వారా (ఒక కమాండ్ ఇచ్చింది ఇంకోదానికి చేరే దారి), లక్స్ డిస్క్‌ను తెరిచే క్రిప్ట్‌సెటప్‌కు అందించండి. పీకేఎగ్జెక్ ఆ ఒక్క కమాండ్‌కే చాలు. క్రిప్ట్‌సెటప్‌కు కీ-ఫైల్ ఆప్షన్ ఇచ్చి, ప్రింట్‌ఎఫ్ బదులు ఎకోతో పంపితే అది చివర చేర్చే న్యూలైన్ (ఎంటర్ గుర్తు) కూడా పాస్‌వర్డ్‌లో కలిసిపోతుంది, సరైనదే కొట్టినా తప్పంటుంది.

ఇప్పుడు వరసగా రెండు విండోలు వస్తాయి, మొదటిది డిస్క్‌ది, రెండోది మీ లాగిన్‌ది. మొదటిదానికి టైటిల్‌లో ‘డిస్క్ పాస్‌వర్డ్’ అని తప్పకుండా రాయండి. రాయకపోతే మీ స్టాఫ్ ఒకదానిది ఇంకోదాంట్లో కొట్టి, డిస్క్ పాడైందని మీకు ఫోన్ చేస్తారు.

అసలు నా కోపం ఈ విండోల మీదే. నల్ల చుక్కలు పడే ఒక పెట్టె, కింద ఓకే. ఏ ప్రోగ్రామ్ అడుగుతోంది, ఏ పాస్‌వర్డ్ కావాలి అన్నది చాలా వాటిలో ఉండదు, ఉన్నా వివరాలన్న బటన్ వెనక దాక్కుంటుంది. జెనిటీతో అలాంటి పెట్టెను ఒక్క లైనులో ఎవరైనా తయారుచేయొచ్చు. ఏది కనిపిస్తే దాంట్లో కొట్టేయడం జనానికి అలవాటు చేసింది ఈ డిజైనే. తెర మీద విండోలు చూపించే పాత వ్యవస్థ ఎక్స్11 ఉన్న డెస్క్‌టాప్‌లో అయితే పక్కనున్న ఏ అప్లికేషనైనా మీరు నొక్కే కీలను చదవగలదు. దాని స్థానంలో వేలాండ్ వచ్చాక ఆ బెడద తగ్గింది. పీకేఎగ్జెక్ కూడా దేవుడేం కాదు. 2009 నుంచీ అందులో ఉన్న లోపం 2022 జనవరిలో బయటపడింది, దాంతో మామూలు యూజర్ ఎవరైనా రూట్ అయిపోగలిగేవాడు. అప్‌డేట్లు వాయిదా వేసేవాళ్లు ఈ లైను ఇంకోసారి చదవండి.

విండోల గొడవే వద్దని సుడోయర్స్‌లో (ఎవరు సుడో వాడొచ్చో చెప్పే ఫైలు) పాస్‌వర్డ్ అడగొద్దని రాసే ఆలోచన ఉంటే మానుకోండి. మీ హోమ్ ఫోల్డర్లోని స్క్రిప్ట్‌కు ఆ అనుమతి ఇస్తే, మీ పేరుతో నడిచే ఏ చెత్త ప్రోగ్రామైనా దాన్ని మార్చి రూట్ అయిపోతుంది.

ఇంకో మాట. యూఎస్‌బీ డిస్క్ తెరవడానికి మామూలుగా స్క్రిప్టే అక్కర్లేదు. ఫైల్ మేనేజర్లో దాని మీద క్లిక్ చేస్తే పాస్‌వర్డ్ అదే అడుగుతుంది, రూట్ పని లేకుండా తెరుస్తుంది. ఈ సంగతి మొదటే చెప్పొచ్చుగా అంటారేమో. చెబితే మీరు అక్కడితో చదవడం ఆపేసేవారు, స్క్రిప్ట్‌లో పాస్‌వర్డ్ రాసిన ఆ లైను అలాగే ఉండిపోయేది. ఇప్పుడు దాన్ని తీసేసి, డిస్క్ పాస్‌వర్డ్ కూడా మార్చండి. మళ్లీ ఎన్‌క్రిప్ట్ చేయనక్కర్లేదు, లక్స్‌లో పాస్‌వర్డ్ మార్చడం నిమిషం పని.