ఏ ఋతువుకు ఏ పుస్తకం?

ప్రశ్న: మేము ఎనిమిది మంది పుస్తకప్రియులం. ప్రతి ఋతువు మొదట్లో ఒక్కొక్కరం అయిదేసి పుస్తకాల పేర్లు రాసి మిగిలినవారికి పంపుకుంటాం. వానాకాలానికి వాన ఉన్న పుస్తకం, చలికాలానికి మంచు ఉన్న పుస్తకం అన్నది మా పద్ధతి. రెండేళ్లుగా జాబితాలు పెరుగుతున్నాయే తప్ప, ఒకరు చెప్పిన పుస్తకాన్ని మరొకరు చదివిన సందర్భాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పైగా మాలో ఇద్దరు భూమధ్యరేఖకు దక్షిణాన ఉంటారు. మాకు చలికాలమైతే వారికి ఎండాకాలం. మా లోపం ఎక్కడుంది?

జవాబు: ముందు ఒక చిన్న లెక్క చూద్దాం. ఎనిమిది మంది అయిదేసి పేర్లు రాస్తే, ఒక్కొక్కరి ముందు ఋతువుకు 35 పుస్తకాలు వచ్చి పడుతున్నాయి. అన్నీ చదవగలిగినవారు మీలో ఎవరైనా ఉంటే వారికి ఇతరుల సూచనలతో పని లేదు. ఈసారి మనిషికి ఒకే పుస్తకం చెప్పండి. రెండోది చెప్పాలన్న ఉబలాటాన్ని వచ్చే ఋతువు దాకా ఆపుకోండి.

ఇక వాన పుస్తకాన్ని వానలోనే చదవాలన్న నియమం ఎవరు పెట్టారో గాని, పుస్తకాలు మాత్రం దానిని పాటించలేదు. మేరీ షెల్లీ ‘ఫ్రాంకెన్‌స్టైన్’ నవలను మొదలుపెట్టింది 1816 వేసవిలో, జెనీవా సరస్సు దగ్గర. అంతకు ముందు ఏడాది తంబోరా అగ్నిపర్వతం బద్దలై, అది ఎగజిమ్మిన వాయువులు, ధూళి సూర్యకాంతిని అడ్డగించడంతో ఐరోపాలో ఆ ఏటి వేసవి వేసవిలా లేదు; ఎడతెగని చలివానలకు ఇంట్లో చిక్కుకుపోయిన మిత్రబృందం తలా ఒక దయ్యాల కథ రాయాలని పందెం వేసుకుంది. 1818లో అచ్చయిన ఆ నవల ఉత్తరధ్రువ ప్రాంతపు మంచుతో మొదలై మంచులోనే ముగుస్తుంది. దీనిని నేనైతే చలికాలానికి కాక నడివేసవికే సూచిస్తాను, ఎందుకంటే ఒళ్లు మండే మధ్యాహ్నం ఆ మంచు మీద మనసు నిలిచినంతగా దుప్పటి కప్పుకున్న రాత్రి నిలవదు. అయితే ఆ సూచనకు ఒక మాట చేర్చి తీరాలి: కథకు ముందు ఒక నావికయాత్రికుడు తన సోదరికి రాసే నాలుగు ఉత్తరాలున్నాయి, నాకు తెలిసి ఈ పుస్తకాన్ని పక్కన పెట్టినవారంతా అక్కడే పెట్టారు. ఆ నాలుగూ దాటే దాకా ఓపిక పట్టమని మీరు చెప్పకపోతే మీ సూచన సగంలోనే ఆగిపోయినట్టు.

పుస్తకంలోని వాతావరణం కన్నా చదివేవారి తీరిక ముఖ్యమన్న సంగతిని నేను ఆలస్యంగా తెలుసుకున్నాను. ఒకసారి ఏడు వందల పేజీల నవలను వేసవిలో చదవమని ఒక స్నేహితురాలికి గట్టిగా చెప్పి, వారం వారం ఎంత వరకు వచ్చిందని అడుగుతూ వచ్చాను. అది నేను తీరికైన వేసవిలో చదివిన నవల. ఆమెకు వేసవి అంటే పిల్లలు రోజంతా ఇంట్లో ఉండే కాలం. ముప్పై రెండో పేజీలో గుర్తుగా పెట్టిన బస్సు టికెట్టు కదలకుండానే ఆ పుస్తకం నా దగ్గరికి తిరిగి వచ్చింది.

అందుకే సూచనలో ఋతువుతో పాటు వేళను కూడా రాయమంటాను. దాదాపు వెయ్యేళ్ల కిందట జపాన్ రాజాస్థానంలో ఉన్న సేయ్ షోనాగన్ అనే స్త్రీ ‘పిల్లో బుక్’ను ఇలాగే మొదలుపెట్టింది: వసంతానికి తెల్లవారుజాము, వేసవికి రాత్రి, శరత్తుకు సాయంకాలం, శీతకాలానికి వేకువ. చిన్న చిన్న ముక్కలుగా ఉన్న ఆ పుస్తకాన్ని ఎక్కడ తెరిచినా చదువుకోవచ్చు కాబట్టి, రోజుకు పది నిమిషాలే దొరికే స్నేహితులకు అదే చెప్పండి.

మొత్తం పుస్తకాన్నే చెప్పాలన్న పట్టింపు కూడా అక్కరలేదు. ‘ఆముక్తమాల్యద’ చదవమంటే చాలామంది దండం పెడతారు. దానికి బదులు, “చతుర్థాశ్వాసంలో వర్షర్తు వర్ణన ఉంది, వ్యాఖ్యానం ఉన్న ప్రతి తీసుకుని ముసురు పట్టిన రోజున రెండు మూడు పద్యాలు చదవండి, నిప్పు కోసం ఇల్లిల్లూ తిరగవలసి రావడం, తడిసిన కట్టెలు అంటుకోక వంటిల్లు పొగచూరడం కృష్ణదేవరాయలు ఎంత దగ్గరగా చూశాడో తెలుస్తుంది” అని రాసి చూడండి. ఒక చక్రవర్తికి తడి కట్టెల సంగతి ఎలా తెలిసిందన్న కుతూహలమే ఆ పేజీ తెరిపిస్తుంది. ఇక్కడ మాత్రం వానకు వాన పుస్తకమే చెబుతున్నానని మీరు పట్టుకోవచ్చు. ఒప్పుకుంటాను, బయట ఆగని చినుకు వినబడుతుంటే ఆ పద్యాల నడక చెవికి బాగా ఎక్కుతుంది.

దక్షిణాన ఉన్న మిత్రుల విషయం తేలిక. నెల పేరు తీసేసి “రాత్రి పెందలాడే పడే రోజుల్లో” అని రాస్తే, ఎవరికి వారు తమ కాలాన్ని చూసుకుంటారు.

ప్రశ్న: ఋతువుకొకటి మార్చడం కాకుండా, ఏడాదంతా నడిచే ఒకే పుస్తకాన్ని మిత్రులతో కలిసి చదవాలని ఉంది. ఏది మంచిది?

జవాబు: టాల్‌స్టాయ్ ‘యుద్ధము-శాంతి’. అందులో 361 అధ్యాయాలున్నాయి, ఎక్కువ భాగం కొద్ది పేజీలకు మించవు. రోజుకొకటి చదివితే ఏడాదిలో నాలుగు రోజులు మిగులుతాయి. ఆ నాలుగింటినీ మొదట్లోనే ఖర్చు చేయకండి. ఉపసంహారంలోని రెండో భాగంలో కథ ఆగిపోయి చరిత్ర మీద చర్చ సాగుతుంది, పన్నెండు అధ్యాయాలు; వెనకబడినవారి కోసం మిగిలినవారు ఆగవలసి వచ్చేది అక్కడే.